దోనె ఆకారపు పురుగు

అమలాపురం దగ్గర మా పెదనాన్నకి కొబ్బరితోట ఉంది. పదేళ్ల కిందట ఎవరో పెట్టిన ఒక రోజు శిక్షణకి వెళ్లి, వస్తూ వస్తూ రెండు తేనెటీగల పెట్టెలు తెచ్చుకున్నారు. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి చీమలకి దారి లేకుండా చేశారు. తాటాకుతో చిన్న నీడ కట్టారు. మొదటి వేసవిలో ఇంటిల్లిపాదీ వేళ్లు నాకుకునేంత తేనె వచ్చింది. వర్షాలు పడ్డాక ఒకరోజు మూత తీసి చూస్తే పట్టు నిండా సాలెగూళ్లలాంటి దారాలు కనిపించాయి. సాలీడు పట్టిందనుకుని కొబ్బరి ఈనెతో తుడిచేశారు. వారం తిరక్కుండానే ఒక పెట్టె ఖాళీ. నెలకి రెండోదీ ఖాళీ.

"ఎల్లిపోయాయిరా, ఎవరి కన్ను పడిందో" అన్నారు ఫోన్లో. రెండో పెట్టె మిగిలి ఉండగానే పక్కన దిష్టి గుమ్మడికాయ కూడా కట్టారట. నేను నవ్వాను. ఆ నవ్వు ఎంత తెలివితక్కువదో తెలియడానికి నాకు చాలా చదువు పట్టింది.

ఎందుకంటే, ఆ దారాల్ని చూసి సాలీడు అనుకున్న మొదటి మనిషి మా పెదనాన్న కాదు. క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ తన 'జంతువుల చరిత్ర'లో తేనెపట్టుకి పట్టే పీడల గురించి రాస్తూ, పట్టులో సాలెగూడులాంటిది అల్లి పాడుచేసే ఒక చిన్న పురుగుని వర్ణించాడు. అది మైనపు పురుగు, అంటే ఒక బూడిదరంగు రెక్కలపురుగు తాలూకు పిల్ల. పట్టు మధ్యలోంచి సొరంగం తవ్వుకుంటూ మైనం, పుప్పొడి, పాత గదుల్లో ఈగపిల్లలు వదిలిన పొరలు తింటూ, వెనక దారం, నల్లటి రెట్ట వదులుతూ పోతుంది. ఇరవై మూడు శతాబ్దాల తర్వాత కోనసీమలో ఒక రైతు అదే చూశాడు. చూడటంలో లోపం లేదు. చూసినదానికి పేరు చెప్పేవాళ్లు పక్కన లేరు, అంతే.

ఇక్కడో చిక్కు ఉంది. మైనపు పురుగు సాధారణంగా హంతకి కాదు, కాటికాపరి. బలంగా ఉన్న గుంపులో ఈగలు దాన్ని గుడ్డు దశలోనో పసి దశలోనో లాగి పారేస్తాయి. పట్టుని కప్పి కూర్చోడానికి చాలినన్ని ఈగలు లేనప్పుడే అది రాజ్యం ఏలుతుంది. అంటే పెదనాన్న దారాలు చూసేనాటికే పెట్టెలో ఇంకేదో జరిగిపోయి ఉండాలి. ఆ ఇంకేదో దారాల్లో కనబడదు. పిల్లలున్న గదుల్లోకి తొంగిచూస్తే కనబడుతుంది. ఎలా చూడాలో ఆ ఒకరోజు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. తేనె ఎలా తియ్యాలో మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పారు.

అసలు పెట్టెలోకి తొంగిచూడటం అన్నదే కొత్త సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు కదిలే చట్రాల పెట్టెకి పేటెంటు తీసుకున్నాడు. రెండింటికీ సంబంధమేమీ లేదు, తేదీలు కలిశాయంతే. కానీ డెల్టా మొహం మార్చింది ఆనకట్ట అయితే, తేనెటీగల పెంపకం మొహం మార్చింది ఆ పెట్టె. చట్రానికీ గోడకీ మధ్య ఈగ దూరేంత సందు, సెంటీమీటరుకి కాస్త తక్కువ, వదిలితే ఈగలు దాన్ని మైనంతో పూడ్చవు, పట్టు అల్లవు. కాబట్టి చట్రాన్ని పుస్తకంలో పేజీలా పైకి తీసి, చదివి, మళ్లీ పెట్టేయొచ్చు. అంతకుముందు చెట్టు తొర్రలోనో కుండలోనో ఉన్న పట్టు లోపలేముందో తెలియాలంటే కోసి చంపాల్సిందే.

చదవగలిగే పెట్టె వచ్చాక రోగాల్నీ చదవడం మొదలైంది. అదే పెట్టె రోగాల్ని మోసుకెళ్లడమూ మొదలుపెట్టింది. ఒక పెట్టెలో బలహీనంగా ఉందని పక్కపెట్టెలోంచి చట్రం తీసి పెడతాం. ఒక ఊళ్లో పూత అయిపోతే లారీలో ఇంకో ఊరికి తోలతాం. తొర్రలో ఉన్న ఈగకి ఈ సదుపాయం లేదు, ఈ ప్రమాదమూ లేదు.

మన దేశంలో పెట్టెతోపాటు పుస్తకం కూడా బయటినుంచే వచ్చింది. తంతి తపాలా శాఖలో పనిచేసిన జాన్ డగ్లస్ 1884లో భారతదేశంలో తేనెటీగల పెంపకం మీద చేతిపుస్తకం రాశాడు. తర్వాత తిరుచినాపల్లి ప్రాంతంలో జెసూట్ పాదిరీ న్యూటన్ 1911-17 మధ్య మన పుట్టతేనెటీగ ఒడ్డూ పొడుగూ చూసి దానికి సరిపడే చిన్న పెట్టె చేశాడు. పల్లెటూరివాళ్లకి నేర్పించాడు కూడా. న్యూటన్ పెట్టె అని ఇప్పటికీ అంటున్నది దాన్నే. 1920లలో మార్తాండంలో వైఎంసీఏ తరఫున స్పెన్సర్ హాచ్ దాన్ని ఊరూరా పంచాడు. పెట్టెని మన ఈగ కొలతకి తగ్గించినవాళ్లున్నారు గానీ, రోగాల పాఠాన్ని మన ఈగ కొలతకి కుట్టిన దర్జీ చాలాకాలం రాలేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఏ ప్రాథమిక పుస్తకం తిరగేసినా రోగాల అధ్యాయంలో మొదట కనబడేది అమెరికన్ ఫౌల్ బ్రూడ్. 1906లో అమెరికా వ్యవసాయశాఖలో జి.ఎఫ్. వైట్ దాని బాక్టీరియాని తేల్చాడు. లోపలికి కుంగి చిల్లులు పడ్డ మూతలు, కుళ్లు కంపు, అగ్గిపుల్ల గుచ్చి లాగితే రెండు మూడు సెంటీమీటర్లు జిగురులా సాగే ముద్ద. బీజాలు దశాబ్దాలు బతుకుతాయి కాబట్టి పెట్టెతో సహా కాల్చెయ్యాలంటారు. యూరప్‌లో, అమెరికాలో ఇది ప్రాణాంతకం, మొదటి అధ్యాయం దానికి ఇవ్వడం న్యాయమే. మన దేశంలో 1961లో నైనితాల్ వైపు నమోదైంది. మన పుట్టతేనెటీగల్లో మాత్రం అరుదు. కానీ 'చిల్లు పడిన మూత అంటే రోగం' అని బట్టీపట్టిన కొత్తవాడు మన ఈగ పట్టు తీసి చూస్తే ఏమవుతుంది? పుట్టతేనెటీగల్లో పోతుటీగల గది మూతకి నడిమధ్యలో పుట్టుకతోనే చిన్న రంధ్రం ఉంటుంది. అది రోగం కాదు, దాని ఇంటి తీరు. చూసి హడలిపోయి మంచి పట్టుని తగలబెట్టేస్తే పాపం ఎవరిది?

మన ఈగ అసలు రోగం వేరే ఉంది. దాని కథ కూడా వైట్ దగ్గరే మొదలవుతుంది. 1913లో ఆయన ఇంకో రకం పిల్లచావుని వేరుచేసి చూపించాడు. చనిపోయిన పురుగు నీళ్లతో నిండిన తిత్తిలా ఉంటుంది కాబట్టి సాక్ బ్రూడ్ అన్నారు. బాక్టీరియాని ఆపేసే వడపోతలోంచి కూడా జారిపోయే ఏదో దీనికి కారణమని చెప్పాడు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో లెస్లీ బెయిలీ, సహచరులు 1964లో ఆ వైరస్‌ని శుద్ధిచేసి పట్టుకున్నారు. పశ్చిమదేశాల ఈగకి ఇది పెద్ద గండం కాదు, చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది. అందుకే పుస్తకాల్లో దీనికి ఒక పేరా, ఒక బొమ్మ.

1976లో థాయిలాండులో ఆసియా ఈగల గుంపులు కూలిపోవడం మొదలైంది. 1978లో మేఘాలయలో కనబడింది. 1982లో బెయిలీ బృందం ఇది సాక్ బ్రూడ్‌కి దగ్గర చుట్టమే గానీ వేరు రకమని తేల్చింది. థాయ్ సాక్ బ్రూడ్ అనే పేరు స్థిరపడింది. 1980లలో హిమాలయాల పొడుగునా పాకింది. 1991-92లో దక్షిణాదికి వచ్చింది. కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో పెట్టెల్లోని పుట్టతేనెటీగల గుంపుల్లో తొంభై శాతానికి పైగా పోయాయి. కొడగులోనూ, మార్తాండం చుట్టుపక్కలా, రబ్బరుతోటల మధ్య, మూడు తరాలుగా తేనెతో బతికిన ఇళ్లలో పెట్టెలు కట్టెలయ్యాయి.

మేఘాలయకీ కేరళకీ మధ్య పదమూడేళ్లు. ఈ రోగానికి మందు లేదు, ఇప్పటికీ లేదు. ఆ పదమూడేళ్లలో మందు కనిపెట్టలేదని ఎవర్నీ తప్పుపట్టలేం. కానీ ఈ రోగాన్ని కంటితో గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అగ్గిపుల్ల చాలు. పదమూడు నిమిషాలు చాలు.

ఎలాగంటే, ఆరోగ్యంగా ఉన్న పిల్లపురుగు గది అడుగున ముత్యంలా తెల్లగా, సున్నా చుట్టబోయి ఆగిపోయినట్టు వంపు తిరిగి పడుకుని ఉంటుంది. మూతపడే వేళకి నిలువుగా సాగుతుంది. వైరస్ పట్టినది సరిగ్గా ఆ దశలో, పురుగు నుంచి ఈగగా మారబోయే ముందు చనిపోతుంది. కాబట్టి గదిలో నిలువుగా, తల పైకెత్తి, పడవ ముక్కులా కనబడుతుంది. తెలుపు పోయి పసుపు, తర్వాత గోధుమరంగు, తలవైపు ముందు నల్లబడుతుంది. పుల్లతో మెల్లగా ఎత్తితే చిరగకుండా నీళ్ల తిత్తిలా మొత్తం వచ్చేస్తుంది. ఎండిపోయాక అది రెండు కొసలూ పైకి లేచిన పెళుసు పొర. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని వెనిస్ పడవతో పోలుస్తాయి. మనకి వెనిస్ దాకా ఎందుకు, గోదావరి లంకల్లో తిరిగే దోనె ఉంది. కుళ్లు కంపు ఉండదు, జిగురులా సాగదు.

ఇందులో ఇంకో మెలిక, పెద్ద ఈగలు మామూలుగానే కనబడతాయి. వైరస్ వాటిలోనూ ఉంటుంది. చచ్చిన పురుగుల్ని శుభ్రం చేసే పిన్న ఈగలు దాన్ని అంటించుకుని, మళ్లీ పిల్లలకి మేత పెట్టేటప్పుడు పంచుతాయి. పైనుంచి చూసేవాడికి గుమ్మం దగ్గర రాకపోకలు బాగానే ఉన్నట్టుంటాయి. లోపల కొత్తతరం పుట్టడం ఆగిపోయి ఉంటుంది. కొన్ని వారాలకి ఈగలు పలచబడతాయి. అప్పుడొస్తుంది మైనపు పురుగు. లేదా మిగిలినవన్నీ ఒకరోజు లేచిపోతాయి. మన పుట్టతేనెటీగకి కష్టమొస్తే ఇల్లు వదిలి పోవడం అలవాటు. పెదనాన్న పెట్టెల్లో జరిగిందీ ఇదేనేమో అని నా అనుమానం.

దక్షిణాదిలో ఈగలు పూర్తిగా అంతరించలేదు. అక్కడక్కడ బతికి బయటపడ్డ గుంపుల నుంచి మళ్లీ పెంచుకుంటూ వచ్చారు. వాటికి కొంత తట్టుకునే శక్తి ఉంది. కానీ ఆ దెబ్బకి చాలామంది 'ఇటాలియన్ ఈగ'కి మారారు. మన దేశంలో అది నిలదొక్కుకున్నది 1962లో, అప్పటి పంజాబులో ఇప్పటి హిమాచల్‌లో ఉన్న నగ్రోటా బగ్వాన్‌లో. థాయ్ సాక్ బ్రూడ్ దానికి గండం కాదు. తేనె ఎక్కువిస్తుంది, తొందరగా ఇల్లు వదలదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఈలోగా ఇంకో వరస తెరుచుకుంది.

1904లో జావాలో ఎడ్వర్డ్ జేకబ్‌సన్ ఏరి పంపిన ఒక ఎర్రటి నల్లిని డచ్చి శాస్త్రవేత్త ఔడెమాన్స్ వర్ణించి, తేనెటీగల గురించి రాసిన రోమన్ రచయిత వారో పేరు మీద వరోవా అని పేరుపెట్టాడు. ఆసియా ఈగ మీద బతికే సాధువు అది. ఎక్కువగా పోతుటీగల గదుల్లోనే పిల్లల్ని పెట్టుకుంటుంది. ఈగలూ దాన్ని ఒంటిమీద నుంచి దులుపుకుంటాయి. లక్షల ఏళ్ల సర్దుబాటు. మనుషులు పశ్చిమపు ఈగని తెచ్చి పక్కన పెట్టాక, దాని చుట్టం ఒకటి అటు గెంతింది. అక్కడ సర్దుబాటు లేదు కాబట్టి కూలి ఈగల గదుల్లోనూ పెరిగి, రెక్కలు ముడుచుకుపోయే వైరస్‌ని మోసి, గుంపులకి గుంపుల్ని తుడిచిపెట్టింది. ఈ చుట్టం వేరే జాతి అని తేలింది 2000లో. పెట్టిన పేరు వరోవా డిస్ట్రక్టర్, సినిమా టైటిల్‌లా ఉంటుంది. ఆస్ట్రేలియా చాలాకాలం దీన్ని గుమ్మంలోకి రానివ్వలేదు. 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గర కాపలా కోసమే పెట్టిన పెట్టెల్లో దొరికింది. ఏడాది పైగా పోరాడి, 2023 సెప్టెంబరులో నిర్మూలన ఆశ వదులుకున్నారు.

రాజమండ్రిలో ఇటాలియన్ పెట్టె పెట్టేవాడికి వరోవాతోపాటు ఇంకో నల్లి గురించీ చెప్పాలి. అది మన సొంతం. నీళ్లటాంకుల కింద, పాత రావిచెట్ల కొమ్మలకి, వంతెనల అంచుల్లో చాటంత పట్టు కట్టి వేలాడే కొండతేనెటీగల్ని మీరు చూసే ఉంటారు. ట్రోపిలేలాప్స్ అనే చిన్న నల్లి వాటి సహజ చుట్టం. దీన్ని మొదట 1961లో ఫిలిప్పీన్స్‌లో, చచ్చిన ఇటాలియన్ ఈగల మీదా, పెట్టెల పక్కన తిరిగే పొలం ఎలకల మీదా దొరికిన నమూనాలతో వర్ణించారు. ఎలకల మీద ఎందుకుందో తల బద్దలుకొట్టుకోవాల్సిన పనిలేదు, దారిన పోతూ ఎక్కి ఉంటుంది. వరోవా అడ్డంగా వెడల్పుగా పీతలా ఉంటే, ఇది నిలువుగా సన్నగా ఉండి పట్టుమీద పరుగులు తీస్తుంది. పెద్ద ఈగల మీద ఎక్కువరోజులు బతకలేదు, పిల్లపురుగులు కావాలి. గుంపులో రెండు మూడు రోజులు పిల్లలే లేకుండా చేస్తే చచ్చిపోతుంది. ఈ ఒక్క ముక్క తెలిసినవాడికి సగం మందులు అక్కర్లేదు. ఎవరి పెట్టెలో ఏ ఈగ ఉందో అడక్కుండా 'నల్లికి ఇది కొట్టండి' అని డబ్బా చేతిలో పెట్టే సలహాలు మాత్రం దండిగా దొరుకుతాయి.

డెల్టాలో ఈ రోగాలన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. తెల్లారేసరికి గుమ్మం ముందు గుట్టగా ఈగలు చచ్చిపడి ఉంటే కొత్తవాడు రోగమనుకుంటాడు. నాలుకలు బయటికి చాచి ఉన్నాయా? అన్ని పెట్టెల ముందూ ఒకే రోజు పడ్డాయా? కొన్ని ఇంకా గిలగిల కొట్టుకుంటున్నాయా? అయితే చాలావరకు అది పక్క చేలో కొట్టిన పురుగుమందు. వరి చాలావరకు స్వపరాగసంపర్కంతో పండే పంటే గానీ, పూతమీద ఉన్నప్పుడు పొద్దున పూట పుప్పొడి కోసం ఈగలు వాలతాయి. గట్లమీద పూసే కలుపు మొక్కల మీద సరేసరి. నే చెప్పిన రోగాలు ముందు పిల్లల్ని పట్టుకుంటాయి, మందు పెద్దవాటిని పడగొడుతుంది. ఈ తేడా చెప్పని పాఠం కోనసీమలో పాఠమే కాదు.

అలాగని మన రైతుకి చూపు లేదా? కొబ్బరిచెట్టు మొదలుకి చెవి ఆనించి లోపల ఎర్రముక్కు పురుగు కొరుకుతోందో లేదో మా పెదనాన్న చెప్పేస్తారు. ఆకు చూసి కొమ్ముపురుగు పనో నల్లతల గొంగళి పనో చెప్తారు. ఈమధ్య వచ్చిన సర్పిలాకార తెల్లదోమని కూడా మొదటి ఏడాదే పట్టుకున్నారు. అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన స్థానం ఉంది, అక్కడ పురుగుని తినే పురుగుని పెంచి ఇస్తారు. ఇంటింటా ఆ మాటలున్నాయి, పేర్లున్నాయి. తేనెటీగల మీద పరిశోధన జరిగిన విజయరాయి కూడా ఎంతో దూరం కాదు, ఏలూరు దాటితే చాలు. కానీ తేనెకి జుంటితేనె, పుట్టతేనె, కొండతేనె అని ఇన్ని పేర్లున్న భాషలో, చచ్చిన ఈగపిల్లకి వాడుకలో ఒక్క పేరూ లేదు. సాక్ బ్రూడ్ అని నేను తెలుగులిపిలో రాస్తే అది తెలుగయిపోదు. 'దోనెపురుగు' అంటే? ఎవరైనా వాడితే బావుణ్ణు.

పోయిన చలికాలం పెదనాన్న మళ్లీ ఒక పెట్టె తెచ్చారు, పుట్టతేనెటీగలే. ఈసారి నేను వెళ్లి కూర్చున్నాను. రోగాల జోలికి పోకుండా ముందు నాలుగు వారాలు మంచి పట్టునే చూశాం. ఎండ మన భుజం మీదుగా గదుల్లోకి పడేట్టు చట్రం వంచి పట్టుకుంటే అడుగున సన్నటి బియ్యపు నూకలా గుడ్డు కనబడుతుంది. గుడ్డు మూడు రోజులు, పురుగు మరో అయిదారు రోజులు, ఆపైన మూత. ఏ గదిలో ఏ వయసుదో చెప్పగలిగితే, ఉండకూడనిది ఉన్నప్పుడు దానంతటదే కంట్లో పడుతుంది. "ఆయ్, ఇది నారుమడి చూసినట్టేనండీ" అన్నాడు పక్కనున్న పాలేరు. ఆయన కళ్లు నా కళ్లకంటే పదును.

మొన్న ఆదివారం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. మసగ్గా ఉంది. మూతల మధ్య రెండు గదులు తెరిచి ఉన్నాయి, లోపల ఏదో ముక్కు పైకి పెట్టి ఉంది.

"పుల్లతో ఎత్తి చూడండి పెదనాన్నా" అన్నాను.

కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. కొబ్బరాకుల గాలి మాత్రం వినబడింది.

"వచ్చిందిరా. తిత్తిలాగే వచ్చింది. చిరగలేదు."

వెలిచేరు వైపు ఒకాయనకి ఆ పెట్టెలోంచి ఒక చట్రం ఇస్తానని మాటిచ్చారు. ముందు ఆయనకి ఫోన్ చేసి ఇవ్వట్లేదని చెప్పమన్నాను. తర్వాత రాణిని చిన్న బోనులో పెట్టి గుడ్లు ఆపించాం, పిల్లలు లేకపోతే వైరస్ పెరగడానికి గదులుండవు కదా. చట్రం తీసిన చేతులు, కత్తి సబ్బుతో కడుక్కున్నారు. గోడమీద క్యాలెండర్‌లో ఆదివారం నుంచి గీతలు పెడుతున్నారట. ఇవాళ్టికి ఆరు.